మొహం ఎర్రబడిన ఏళ్లు

నా మొహం ఎర్రబడుతుంది. ఎవరైనా ఉన్నట్టుండి పేరు పెట్టి పిలిచినా, నలుగురిలో నావైపు తిరిగి ఏదైనా అడిగినా, మెడ దగ్గర మొదలైన వేడి చెవుల దాకా పాకి బుగ్గలు మండిపోతాయి. చిన్నప్పుడు తెనాలిలో మా మేనత్తలు నన్ను ‘సిగ్గులమ్మ’ అని పిలిచేవారు. ఆ పిలుపుకి అందరూ నవ్వితే ఇంకా ఎర్రబడేదాన్ని. దానివల్ల ఒకనాడు ఉద్యోగం పోతుందనీ, కట్టుకున్న మనిషి ముందు దోషిలా నిలబడాల్సి వస్తుందనీ అప్పుడు ఎవరమూ అనుకోలేదు.

ఇప్పుడు పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది. నాకు నలభై రెండేళ్లు. పూర్తిగా నయమైందని చెప్పను. కానీ బతకడానికి అడ్డం రావడం మానేసింది. ఇలాంటి బాధ ఉన్నవాళ్లు ఇంకా తలుపుల వెనకే ఉండిపోయారని తెలుసు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మావారిది బ్యాంకు ఉద్యోగం. ఆయనకి హైదరాబాదు బదిలీ అయ్యాక మధురానగర్లో ఒక మేడమీద వాటా అద్దెకి తీసుకున్నాం. నేను, ఆయన, మా అత్తగారు, మా పాప లలిత. ఎనభై ఆరులో పాప బడిలో చేరాక నాకు పగలంతా ఖాళీ. నా చేతిరాత గుండ్రంగా, అచ్చులో పోసినట్టు ఉండేది. ఫిలింనగర్లో ఉండే ఒక సినిమా రచయితకి సీన్లు ఫెయిర్ కాపీ రాసేవాళ్లు కావాలని పక్కింటివాళ్లు చెబితే, మావారే తీసుకెళ్లి చేర్పించారు.

అప్పటికి ఫిలింనగర్లో సగం ఇళ్లు కడుతూనే ఉన్నారు. మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చి స్థిరపడుతున్న రోజులు. రైటరుగారి ఇంటి వెనక పెద్ద పెద్ద బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం చెట్లు. ముందుగది ఆఫీసు. ఆయన పచార్లు చేస్తూ డైలాగులు చెబుతుంటే నేను రాసుకుని, తర్వాత కార్బన్ పేపర్లు పెట్టి కాపీలు తీసేదాన్ని. తల వంచుకుని చేసే పని. ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఆయన నన్ను ‘అమ్మాయ్’ అని పిలిచేవారు, కసరడం ఎరగరు. నేను సంతోషంగా పనిచేసిన రోజులవి.

మరుసటేడాది ఎండాకాలంలో ఒకరోజు కథాచర్చ జరుగుతోంది. డైరెక్టరుగారు, నిర్మాత, ఇద్దరు అసిస్టెంట్లు, ఇంకా నాకు తెలియని నలుగురు ఉన్నారు. రైటరుగారికి గొంతు పోయింది. మాట పెగలక నావైపు చూసి, సీను నన్ను చదవమన్నారు. రాసింది నువ్వేగా అన్నారు. అందరూ నావైపు తిరిగారు.

మొదటి మూడు వాక్యాలు చదివాను. నాలుగో వాక్యం దగ్గర నా గొంతు నాకే వేరే మనిషిదిలా వినిపించింది. మొహం భగ్గుమంది. అక్షరాలు కాగితం మీద ఉన్నాయి గానీ వాటికి అర్థం లేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఎదురుగా ఉన్నవాళ్లకి జాకెట్టు మీద కనబడుతోందేమో అనుకున్నాను. వేళ్లు తిమ్మిరెక్కాయి. గదిలో గాలి ఉంది, నాకు మాత్రం అందడం లేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. ఊరికే అనే మాట కాదిది. నిజంగానే, ఇంకో నిమిషంలో ప్రాణం పోతుందని, పాపని బడి నుంచి ఎవరు తీసుకొస్తారా అని ఆలోచించాను. కాగితాలు బల్లమీద పడేసి పెరట్లోకి పరుగెత్తాను.

ఆ ఇంటి వాచ్‌మన్ భార్య యాదమ్మ బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి బట్టలు వదిలేసింది. చేయి పట్టుకుని బండ నీడన కూర్చోబెట్టింది. “చెమటలు గిట్ల వట్టినయేందమ్మా? జర కూసో. నీళ్లు తాగు. ఎవ్వలు రారు గీడికి,” అంది. తడి బట్టతో నా మెడ తుడిచింది. ఇరవై నిమిషాల తర్వాత ఊపిరి మామూలైంది. లోపల వాళ్లకి వడదెబ్బ అని చెప్పాను. ఆ తర్వాత మూడేళ్లపాటు నేను చెప్పిన అబద్ధాలకి అదే మొదలు.

గుండెజబ్బే అనుకున్నాం. బంజారా హిల్స్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి మావారు తీసుకెళ్లారు. ఆ గది నాకిప్పటికీ గుర్తే. ఒక పక్కన ఆపరేషనుకి తేదీ ఇప్పించుకోవడానికి వచ్చిన పెద్దాయన, ఇంకో పక్కన పెదాలు నీలంగా ఉన్న పదేళ్ల పిల్ల, వాళ్లమ్మ. ఆ అమ్మ తన కుర్చీ పక్కకి జరిపి, ఫ్యాను గాలి తగిలే చోట నన్ను కూర్చోమంది. ఆమె బిడ్డ కంటే నేనే రోగిష్టిలా కనబడ్డాను కాబోలు. ఈసీజీ తీసి, ఏమీ లేదన్నారు. మావారి మొహంలో బరువు దిగిపోయింది. నాకు మాత్రం కాళ్లకింద నేల కదిలింది. ఏమీ లేకపోతే మరి నన్ను పట్టుకున్నది ఏమిటి?

ఇంకొకరు గ్యాసన్నారు. ఇంకొకరు రక్తం తక్కువన్నారు. మరొకాయన ఇంకో బిడ్డని కంటే అన్నీ సర్దుకుంటాయన్నారు. మావారు ప్రతిసారీ సెలవు పెట్టి వచ్చేవారు. ఆఖరిసారి తిరిగొస్తుంటే ఆటోలో ఆయన నావైపు కాకుండా రోడ్డువైపే చూస్తూ కూర్చున్నారు.

ఎనభై ఎనిమిదంతా దాక్కోవడంతోనే గడిచింది. బస్సులో ఒకసారి వచ్చింది, బస్సు మానేశాను. రేషన్ షాపు వరసలో వచ్చింది, వరస మానేశాను. మావారి స్నేహితుల గృహప్రవేశంలో పీట మీద కూర్చుని తాంబూలం అందుకుంటుంటే నా మొహం ఎర్రబడితే, ఆ ఇంటావిడ “ఏమ్మా, జ్వరమా?” అని నలుగురూ వినేలా అడిగింది. ఆ తర్వాత పేరంటాలు మానేశాను. పౌడరు మందంగా రాసుకునేదాన్ని. ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా వెలుతురికి వీపు పెట్టి నిలబడేదాన్ని. ఆఫీసులో మాత్రం ఎలాగో నెట్టుకొచ్చాను. రైటరుగారు మళ్లీ నన్ను చదవమనలేదు. నేను మూలనుంచి కదల్లేదు.

ఎనభై తొమ్మిది వానాకాలంలో ఆ సంగతి జరిగింది. మేం రాస్తున్న సినిమా క్లైమాక్సు, తొమ్మిది పేజీలు, వేరే కంపెనీవాళ్లు అచ్చం అలాగే తీస్తున్నారని పుకారు వచ్చింది. నిర్మాత కోపంగా కారు దిగి వచ్చారు. ఆఫీసులో అందరినీ నిలబెట్టారు. ఇద్దరు అసిస్టెంట్లనీ అడిగితే, మాకేం తెలుసు సార్ అన్నారు. తర్వాత ఆయన నావైపు తిరిగారు.

“కాపీలుండేది మీ దగ్గరే కదమ్మా?” అన్నారు.

అవునండీ, కానీ నేనెవరికీ ఇవ్వలేదు అని చెప్పాలి. అంతే. చిన్న వాక్యం. అది నోటిదాకా వచ్చేలోపే వేడి మెడెక్కింది. అందరూ చూస్తున్నారని తెలిసి ఇంకా ఎక్కువైంది. చెవుల్లో హోరు. నాలుక ఎండిపోయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆయన నా మొహంలోకి చూసి, “అర్థమైంది,” అన్నారు. రైటరుగారు నేలచూపులు చూశారు. సాయంత్రం ఆయనే నా దగ్గరికొచ్చి, కొన్నాళ్లు ఇంటిదగ్గరే ఉండమన్నారు. గొంతు మెత్తగానే ఉంది.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన అంతా విన్నారు. విని, తిట్టలేదు, అరవలేదు. మామూలుగా అడిగారు.

“నువ్వు ఇవ్వకపోతే మొహం ఎందుకు ఎర్రబడింది?”

ఆ ప్రశ్నకి మళ్లీ నా మొహం ఎర్రబడింది. ఆయన అది చూశారు. చూసి పేపరు చేతిలోకి తీసుకున్నారు. నాకు జబ్బు చేసిన అన్నేళ్లలోకీ నేను మర్చిపోలేనిది ఆ పేపరు మడత విప్పిన చప్పుడే.

తర్వాత ఎనిమిది నెలలు గడప దాటలేదు. వంట చేసేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, బాల్కనీలోకి కూడా వెళ్లేదాన్ని కాదు. తలుపు చప్పుడైతే వంటింట్లోకి పోయేదాన్ని. లలితకి తొమ్మిదేళ్లు. ఎవరొచ్చినా తనే తలుపు తీసి “అమ్మ ఇంట్లో లేదండీ” అని చెప్పేది. మొదటిసారి నేనే చెప్పమన్నాను. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. ఎంత బాగా చెప్పేదంటే, వినేవాళ్లకి అనుమానమే రాదు. అబద్ధం చెబుతున్నా దాని మొహం మామూలుగా ఉండేది. అది చూసి ఒకసారి తృప్తిపడ్డాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తొంభై మార్చిలో ఒక మధ్యాహ్నం అత్తగారు కూరగాయలకి వెళ్లారు. తలుపు చప్పుడైంది. లలిత తీసింది. గొంతు విని గుర్తుపట్టాను, యాదమ్మ. ఫిలింనగర్ నుంచి ఆ ఎండలో నడిచి, మా ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చింది. అమ్మ లేదని లలిత చెప్పింది. “గట్లనా బిడ్డా. అమ్మ వచ్చేదాక ఈడ్నే కూసుంట,” అని యాదమ్మ మెట్లమీద కూలబడింది.

లలిత తలుపు వేసి నావైపు చూసింది. నేను తలుపు దగ్గరికి వెళ్లాను. చేయి గడియ మీద పెట్టాను. నన్ను ఒకనాడు బండ నీడన కూర్చోబెట్టిన మనిషి అవతల ఉంది. తీస్తే చాలు. గుండె దడదడలాడింది. ఇన్నాళ్లు ఎక్కడున్నావని అడుగుతుంది, నా మొహం చూస్తుంది, మెట్లు దిగి వెళ్లి ఆ ఇంట్లో చెబుతుంది. చేయి వెనక్కి తీసుకున్నాను. నేల మీద తలుపుకి ఆనుకుని కూర్చున్నాను. అవతల ఆమె దగ్గు వినబడుతోంది. గంట దాటింది. లలిత చెంబుతో నీళ్లు తీసుకుని, నన్ను అడక్కుండా, తలుపు ఓరగా తీసి ఆమెకిచ్చి వచ్చింది.

అత్తగారు తిరిగొచ్చి మెట్లమీద యాదమ్మని, తలుపు వెనక నన్ను చూశారు. యాదమ్మని లోపలికి పిలిచి, చాప వేసి, మజ్జిగ ఇచ్చి, నన్ను ఆమె ఎదురుగా కూర్చోబెట్టారు. నేను తలెత్తలేదు. యాదమ్మ చెప్పడానికొచ్చిన మాట చెప్పింది.

“ఆ కథ సారే చెప్పిండమ్మా. ఆ కంపెనీ వాళ్లు వచ్చిన్రు, వరండల కూసున్నరు, నేనే చాయ్ ఇచ్చిన. సారు తిరుక్కుంట తిరుక్కుంట ఆఖరు సీను మొత్తం చెప్పిండు. ఆయినకు యాదిలో లేదు. నీమీద పడ్డదని నాకు మొన్ననే తెలిసింది. మనసున వట్టలే, అందుకే వచ్చిన.”

నా తప్పు లేదని చెప్పే మనిషి గంటన్నర నా గుమ్మంలో కూర్చుంది. నేను తలుపు తీయలేకపోయాను. నింద తొలిగితే నేను బాగైపోతానని ఆ ఎనిమిది నెలలూ నమ్మాను. నింద తొలిగింది, చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. నాకు వచ్చింది జబ్బేనని, దానికి వేరే మందు వెతకాలని నాకు ఆరోజే తెలిసింది.

యాదమ్మ వెళ్లాక అత్తగారు నా పక్కన కూర్చున్నారు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

“మీ మామగారు పోయిన ఏడాది నాకూ ఇలాగే వచ్చేదమ్మా,” అన్నారు. “వీధరుగు మీదికి వస్తే చాలు, గుండె నోట్లోకి వచ్చేది. దిష్టన్నారు, గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు. పదకొండేళ్లు ఇల్లు కదల్లేదు నేను. ఊళ్లో అంతా ఎంత పద్ధతైన మనిషో అని మెచ్చుకున్నారు. ఒక్కళ్లకీ చెప్పుకోలేదు. నువ్వు అలా అయిపోవద్దు. రేపు డాక్టరు దగ్గరికి బయల్దేరు.”

ఆరేళ్లుగా ఆవిడతో ఒకే ఇంట్లో ఉన్నాను. ఆవిడ గుడికి కూడా ఎవరో ఒకరు తోడుంటే గాని వెళ్లరని తెలుసు. ఎందుకని ఏనాడూ అడగలేదు.

మర్నాడు ‘మానసిక వైద్యులు’ అన్న బోర్డు చూసి ఆటో దిగలేకపోయాను. సినిమావాళ్లు తిరిగే రోడ్డు అది. ఎవరైనా చూస్తే దొంగతనానికి తోడు పిచ్చి కూడా అంటారు. అత్తగారు నా చేయి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి కూడా చల్లగా, తడిగా ఉంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని మెట్లెక్కాం.

లోపల ఎదురు కుర్చీలో ఆరడుగుల మనిషి, మెడంతా పాత గాయాల మచ్చలు. నేను చెంగు కప్పుకుని కూర్చోవడం చూసి, భయపడకండి మేడమ్, ఈడికి వచ్చేటోళ్లంతా మనలాంటోళ్లే అన్నాడు. సినిమాల్లో ఫైటర్నని చెప్పాడు. “మూడంతస్తుల మీదికెళ్లి దుంకుత. లిఫ్టు తలుపు మూసుకుంటే మాత్రం నాతోని కాదు. పానం పోయినట్లే అయితది. ఎవలకు చెప్పుకుంటం?” అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలా నెలల తర్వాత కొత్త మనిషితో మాట్లాడాను. మొదటి మాట ఏమన్నానంటే, “నాకూ అంతేనండీ.”

డాక్టరుగారు యాభై ఏళ్ల ఆవిడ. నేను చెప్పినంతసేపూ గడియారం చూడలేదు. ఇది చాలామందికి ఉంటుందని, దీనికి పేరుందని, దీనివల్ల ప్రాణం పోదని చెప్పారు. చిన్న మాత్ర ఒకటి రాశారు. మాత్ర కంటే కష్టమైన పని ఇంకొకటి చెప్పారు. అది వచ్చినప్పుడు పారిపోవద్దన్నారు. ఉన్నచోటే ఉండి, ఎంతసేపటికి తగ్గుతుందో చూసి పుస్తకంలో రాయమన్నారు. మొహం ఎర్రబడితే దాచొద్దన్నారు. ఎవరైనా అడిగితే, నాకు ఇలా అవుతుంటుంది అని చెప్పేయమన్నారు.

ముందు పాలబూతు. అత్తగారు పదడుగుల వెనక. తర్వాత యూసుఫ్‌గూడ బజారు, ఆవిడ మలుపు దగ్గర. నేను ఒక్కో కొట్టు ముందు నిలబడి, ధర అడిగి, మొహం మండుతున్నా కదలకుండా ఉండేదాన్ని. మొదటిరోజు ఇరవై రెండు నిమిషాలు. నెల తిరిగేసరికి తొమ్మిది. ఆవిడ కూడా లోలోపల అదే పని చేసుకుంటున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు మలుపు దగ్గర ఆవిడ లేరు. వెతుక్కుంటూ వెళితే ఒక్కరే గుళ్లోంచి వస్తూ కనబడ్డారు, చేతిలో ప్రసాదం.

అన్నీ అలా ముందుకే సాగలేదు. టోలిచౌకిలో జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్లి, రద్దీలో ఊపిరాడక, గుడ్డలు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాను. ఆ తర్వాత మూడువారాలు మళ్లీ ఇంట్లోనే. పుస్తకం చింపేశాను. డాక్టరుగారు కొత్త పుస్తకం కొనుక్కోమన్నారు, అంతే.

డాక్టరుగారి దగ్గరికి నాలుగోసారి వెళ్లినప్పుడు మావారు కూడా లోపలికి వచ్చారు. ఆవిడ ఆయనతో విడిగా మాట్లాడారు. ఏం చెప్పారో నేను అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కుదామన్నాను. రెండేళ్ల తర్వాత బస్సు. కడ్డీ పట్టుకుని నిలబడి చెమటలు కక్కుతుంటే ఆయన నా పక్కకి జరిగి, రోడ్డువైపు చూస్తూ, “ఆ రోజు అలా అడగాల్సింది కాదు,” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మా స్టాపు వచ్చేదాకా కడ్డీ వదల్లేదు.

తొంభై రెండులో రైటరుగారింటికి నేనే వెళ్లాను. మొహం కందిపోయి ఉంది. అలాగే చెప్పాను. “నా మొహం నిజం చెప్పినా ఎర్రబడుతుంది సార్, అబద్ధం చెప్పినా ఎర్రబడుతుంది. అది జబ్బు. ఆ పేజీలు నేను ఇవ్వలేదు.” ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. “తెలుసమ్మా,” అన్నారు. నెలలోపే గుర్తొచ్చిందట. కబురు పంపడానికి మొహం చెల్లలేదట. మళ్లీ పనిలోకి రమ్మన్నారు. వెళ్లలేదు. కోపంతో కాదు, ఆ గదిలో ఆ బల్ల అంచు ఉంది. జూబ్లీహిల్స్‌లో ఒక సీరియల్ ఆఫీసులో చేరాను. చేరిన రోజే అక్కడివాళ్లకి నా మొహం సంగతి చెప్పేశాను. నాలుగు రోజులు వింతగా చూశారు, తర్వాత మర్చిపోయారు.

లలితతో కూడా మాట్లాడాను. ఇక నాకోసం అబద్ధం చెప్పొద్దన్నాను. “మరి నువ్వు తలుపు తీస్తావా?” అంది. తీస్తానన్నాను. అది నన్ను నమ్మడానికి చాలా రోజులు పట్టింది.

తొంభై ఆరులో అత్తగారు పోయారు. పన్నెండోరోజు ఇంటినిండా జనం. తెనాలి నుంచి, గుంటూరు నుంచి చుట్టాలు. అందరినీ పలకరించాల్సింది నేనే. వడ్డన మధ్యలో, చేతిలో గరిటె ఉండగా, వచ్చింది. పాత బాధ, అదే హోరు. ఆవిడ లేకుండా మొదటిసారి. ఒక్క క్షణం పెరటి తలుపువైపు చూశాను. తర్వాత గరిటె పక్కన పెట్టి, విస్తళ్ల మధ్యే నేల మీద కూర్చున్నాను. అందరూ కంగారుపడ్డారు. ఎవరో నీళ్లన్నారు, ఎవరో డాక్టరన్నారు. నాకు అప్పుడప్పుడు గుండెదడ వస్తుందని, మొహం ఇలా అవుతుందని, డాక్టరుకి చూపించుకున్నాక పది నిమిషాల్లోనే పోతోందని, భోజనాలు కానివ్వమని చెప్పాను. మావారు గరిటె తీసుకుని వడ్డించారు. పది నిమిషాలు పట్టలేదు.

మధ్యాహ్నం అంట్లు సర్దుతుంటే మావారి చిన్నాన్న కూతురు శాంత వచ్చి నా పక్కన నిలబడింది. చాలాసేపు గిన్నె ఒక్కటే తుడుస్తూ ఉండిపోయింది. చివరికి, గిన్నెలోకి చూస్తూనే, “వదినా, నువ్వు వెళ్లిన ఆ డాక్టరు ఇంకా చూస్తున్నారా?” అని అడిగింది. ఎన్నాళ్లనుంచి అన్నాను. పెళ్లైనప్పటినుంచి అంది. పన్నెండేళ్లు.

ఆ సోమవారం శాంతని నేనే తీసుకెళ్లాను. ఆటో ఆగింది. బోర్డు చూసి తను కదల్లేదు. చెంగు తలమీదికి లాక్కుంది.

“ఇక్కడ మనల్ని ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే, వదినా?”

“చూస్తే నేను పలకరిస్తాలే,” అన్నాను. నా మొహం ఎర్రగానే ఉంది. ఇద్దరం దిగాం.